ఇద్దరే, ఒక అద్దె కారు: దక్షిణ ఫ్రాన్స్ పల్లెల్ని వేసవిలో చూసి రావడం ఎలా

ప్రొవాన్స్ పల్లెలకు బయల్దేరేవాళ్ళు ముందుగా మ్యాపు తీసి, పక్కపక్కనే ఉన్న ఊళ్ళన్నిటికీ చుక్కలు పెట్టుకుంటారు. మేమూ అలాగే పెట్టుకున్నాం. ఊరికీ ఊరికీ మధ్య పది, పదిహేను కిలోమీటర్లే కదా, రోజుకు ఐదు ఊళ్ళు ఇట్టే అయిపోతాయనుకున్నాం. మొదటిరోజు మిట్టమధ్యాహ్నం గోర్ద్ చేరాం. రాతి గోడల మధ్య ఎండ మాడ్చేసింది. రెండున్నరకు రూసియాన్‌లో ఆకలితో హోటళ్ళ చుట్టూ తిరిగితే అన్నిచోట్లా వంటగది కట్టేశారు. మూడింటికి ఇంకో ఊళ్ళో కొట్ల తలుపులన్నీ మూసున్నాయి. అలిసిపోయి సాయంత్రం బసకు వెనక్కి వస్తుంటే, మేం వదిలేసి వచ్చిన ఊళ్ళలోనే చెట్ల కింద కుర్చీలు పడుతున్నాయి, జనం ఇళ్ళల్లోంచి బయటికి వస్తున్నారు.

ఆ రాత్రి లెక్క మార్చుకున్నాం. ఈ పల్లెల్లో చూసుకోవాల్సింది దూరం కాదు, వేళ. ఊరు పొద్దున ఒకసారి తెరుచుకుంటుంది, సాయంత్రం ఇంకోసారి. నడుమ నిద్రపోతుంది. మీ ప్రయాణాన్ని ఆ వేళలకు తగ్గట్టు ఎలా కట్టుకోవాలో కింద చెబుతున్నాను. ప్రొవాన్స్ చాలా పెద్దది కాబట్టి నేను చెప్పేదంతా లుబెరాన్ కొండల చుట్టుపక్కల పల్లెల గురించీ, అక్కడికి తూర్పున ఉన్న వాలాన్సోల్ పీఠభూమి గురించీ. మొదటిసారి వెళ్ళే జంటకు తొమ్మిది రోజుల్లో ఇంతకంటే ఎక్కువ వద్దు.

ముందు వారం తేల్చుకోండి

మనకు ఎండలు పోయి వానలు పడే వేళకు అక్కడ వేసవి మొదలవుతుంది. లావెండర్ పూత చూడాలంటే జూన్ ఆఖరి వారం నుంచి జూలై 10వ తేదీ లోపు వెళ్ళండి. వాలాన్సోల్‌లో జూలై మధ్యకు కోతలు మొదలవుతాయి. ఇవాళ ఊదారంగులో ఉన్న పొలం రెండు రోజుల్లో ఆకుపచ్చ మోళ్ళతో మిగులుతుంది. ఆలస్యమైతే సో అనే ఊరి వైపు వెళ్ళండి, అది ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడ పూత కొన్ని వారాలు ఆలస్యం.

జూలై మొదట్లో ఫ్రాన్స్‌లో బడులకు సెలవులు ఇస్తారు. అక్కణ్ణుంచి ప్రతి శనివారం హైవేల మీద దక్షిణానికి కార్ల బారులే. జూలై ఆఖరి, ఆగస్టు మొదటి శనివారాలైతే మరీ ఘోరం, వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకేసారి రోడ్డెక్కుతారు. బిజాన్ ఫ్యూతే అనే ప్రభుత్వ ట్రాఫిక్ సేవ ఏ రోజు ఎంత రద్దీయో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగుల్లో ముందే చెబుతుంది. నలుపు రోజున హైవే ఎక్కకండి.

కాగితాలు

ఫ్రాన్స్‌కు కావాల్సింది షెంగెన్ వీసా, దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవికి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి, మార్చిలోనే మొదలుపెట్టండి. పెద్దవాళ్ళకు వీసా రుసుము 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఇద్దరి దరఖాస్తుల్లోనూ బస వివరాలు, తేదీలు ఒకేలా ఉండాలి.

ఇద్దరూ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. మన ఆర్టీఏ ఆఫీసే ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. అదొక్కటే చూపిస్తే కుదరదు, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. "నేను నడపనులే, నాకెందుకు" అని ఒకరు మానేయడం మంచిది కాదు. వెన్ను పట్టేసినా, జ్వరం వచ్చినా ఆ పల్లెల్లో ట్యాక్సీ దొరకడం కష్టం, బస్సు రోజుకు రెండో మూడో.

ఒకే బస, వారం పాటు

రోజుకో ఊళ్ళో హోటల్ మారకండి. పెట్టెలు సర్దడానికే పొద్దున పూట పోతుంది, అక్కడ పొద్దుటి పూట చాలా విలువైనది. జీత్ అని పిలిచే అద్దె ఇల్లు వారానికి తీసుకోండి. వంటగది, వసారా ఉంటాయి, చాలావాటికి కొద్దిపాటి తోట కూడా. జూలై, ఆగస్టుల్లో వీటిని ఎక్కువగా శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, మీ విమానం టికెట్లు దానికి తగ్గట్టు చూసుకోండి. బుక్ చేసేముందు మూడు సంగతులు అడగండి: దుప్పట్లు, తువ్వాళ్ళు అద్దెలోనే ఉన్నాయా, వెళ్ళేటప్పుడు శుభ్రం చేయడానికి విడిగా ఎంత, ఏసీ ఉందా. మనిషికి రాత్రికి ఇంతని పర్యాటక పన్ను కూడా ఉంటుంది.

పాత రాతి ఇళ్ళలో ఏసీ లేకపోయినా భయపడకండి. కిటికీలకు బయటివైపు చెక్క తలుపులుంటాయి, గోడకు కొట్టిన ఇనప కొక్కెంతో ఆగుతాయి. మా ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన ఆవిడ, తాళాలిస్తూ చెప్పిన మొదటి మాట ఈ తలుపుల గురించే. పొద్దున తొమ్మిదికల్లా కొక్కెం తీసి, తలుపు లాగి, లోపలి అద్దం కూడా వేసేయాలి. గదిలో చీకటి. రాత్రి పది తర్వాత అన్నీ బార్లా తెరవాలి. చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాలు వట్టివేళ్ళ తడికల వెనక గడిపినవాళ్ళకు ఆ చీకటి చల్లదనం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. బయట 37 డిగ్రీలున్న రోజు కూడా మేం ఫ్యాను లేకుండా పడుకున్నాం.

బస ఎక్కడంటే ఆప్త్, బోనియూ, రూసియాన్ మధ్య ఎక్కడైనా సరే. సంత, పెట్రోలు, సూపర్‌మార్కెట్ ఆప్త్‌లో ఉంటాయి. వారం అయ్యాక చివరి రెండు రాత్రులు వాలాన్సోల్ లేదా ముస్తియే సెంత్ మారీ దగ్గర తీసుకోండి.

కారు తీసుకునేటప్పుడు

పారిస్‌లో దిగితే అక్కణ్ణుంచే కారు నడుపుకుంటూ రావద్దు. టీజీవీ అనే వేగం రైలు రెండు గంటల నలభై నిమిషాల్లో అవిన్యాన్‌లో దింపుతుంది. ఆ స్టేషన్ దగ్గరే కారు తీసుకుంటే గంటలో లుబెరాన్‌లో ఉంటారు. మార్సెయ్ విమానాశ్రయం నుంచి వచ్చినా ఇంచుమించు అంతే.

అక్కడ అద్దె కార్లంటే మామూలుగా గేర్లవే. ఎడమ చేతికి అలవాటైన గేరు కుడి చేతికి మారుతుంది కాబట్టి ఆటోమేటిక్ కావాలని బుకింగ్‌లోనే అడగండి, ధర కొంచెం ఎక్కువైనా సరే. పెద్ద కారు ఆశ వద్దు. ఇద్దరికీ రెండు పెట్టెలు పట్టే చిన్న కారు చాలు, ఊళ్ళ సందులు చూశాక నాకు దండం పెడతారు. క్రెడిట్ కార్డు, నడిపే మనిషి పేరు మీదే ఉండాలి. డిపాజిట్ కింద దాని మీద పెద్ద మొత్తమే ఆపుతారు, పరిమితి చూసుకుని వెళ్ళండి. రెండో డ్రైవర్‌గా మీ భార్య లేదా భర్త పేరు తప్పకుండా రాయించండి. పేరు లేనివాళ్ళు నడుపుతుండగా ఏమైనా జరిగితే బీమా వర్తించదు.

కారు కదిలించకముందు ఫోటోలు తీయండి. చుట్టూ నాలుగు తీసి సరిపెట్టుకోకండి. నాలుగు చక్రాల రిమ్ములు, అద్దాల వెనక భాగం, ముందు గాజు, పైకప్పు, పెట్రోలు ముల్లు, కిలోమీటర్ల అంకె, అన్నీ. రిమ్ము సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

అక్కడ రోడ్డు

కుడిపక్క నడపడం పగలు ట్రాఫిక్‌లో కష్టం కాదు, ముందు కారు ఎటు పోతే అటు పోతాం. పొరపాటు జరిగేది ఖాళీ రోడ్డు మీద: పొద్దున్నే ఇంటి ముందు నుంచి బయల్దేరేటప్పుడు, పెట్రోలు బంకులోంచి బయటికొచ్చేటప్పుడు, ఒక ఫోటో కోసం ఆగి మళ్ళీ కదిలేటప్పుడు. అందుకని మేమొక కట్టు పెట్టుకున్నాం. కారు కదిలిన ప్రతిసారీ పక్కన కూర్చున్నవాళ్ళు పైకి "కుడి" అనాలి. రెండో రోజున దీనికీ ఒక చిక్కొచ్చింది. నేను రోడ్డుకు కుడిపక్కన ఉండమని "కుడి" అంటే, మా ఆయన కుడివైపు తిరిగేశారు, ద్రాక్షతోట గట్టు మీదికి. అప్పటినుంచి "కుడి" అనే మాట పక్కకే. మలుపులకు కుడి ఎడమలు మానేసి "చర్చి వైపు", "ఆ పచ్చ లారీ వెళ్ళిన వైపు", "కొండ వైపు" అని చెప్పుకున్నాం. మీరూ మీకు తోచిన మాటలు మొదటిరోజే అనుకోండి. దారి చెప్పేవాళ్ళు నడిపేవాళ్ళకు రెండు మలుపుల ముందే చెప్పాలి, మలుపు దగ్గర కాదు. దారి తప్పితే తప్పింది, పక్కన ఆగి చూసుకోవడమే. మేం తిట్టుకున్నవన్నీ కారు కదులుతుండగా తిట్టుకున్నవే.

ఇక నిబంధనలు. ఊళ్ళ బయట రెండు వరసల రోడ్డు మీద మామూలుగా 80 కిలోమీటర్లు, 2018 నుంచి. బోర్డు వేరే అంకె చెబితే దాన్నే పాటించండి. హైవే మీద 130, వాన పడుతుంటే 110. ఎర్ర అంచున్న తెల్ల బోర్డు మీద ఊరి పేరు కనబడిందంటే అక్కణ్ణుంచి 50 అని అర్థం, విడిగా అంకె రాయరు. అదే పేరు మీద ఎర్ర గీత కొట్టి ఉంటే ఊరు దాటారన్నమాట. ఊరి నడుమ చాలాచోట్ల 30. కెమెరాలు ఉంటాయి, జరిమానా అద్దె కంపెనీ ద్వారా ఇంటికొస్తుంది.

మనవాళ్ళకు కొత్తగా ఉండేది కుడివైపు వాళ్ళకు దారివ్వడం. బోర్డు ఏమీ లేని కూడలిలో, చిన్న సందులోంచి వచ్చినా సరే, కుడివైపు నుంచి వచ్చేవాళ్ళదే ముందు. తెల్ల అంచున్న పసుపు వజ్రం గుర్తు కనబడితే మీరున్నది ముఖ్యమైన రోడ్డు, మీకే ముందు. ఆ వజ్రం మీద నల్లగీత ఉంటే ఆ హక్కు పోయినట్టు. పల్లెల్లో ఆ నల్లగీత చాలాసార్లు ఊరు మొదట్లోనే వస్తుంది. రౌండ్ అబౌట్‌లో లోపల తిరుగుతున్నవాళ్ళకు దారి, అంటే ఎడమ నుంచి వచ్చేవాళ్ళకు. ఏ దారి తీసుకోవాలో తేలకపోతే ఇంకో చుట్టు తిరగండి, ఎవరూ ఏమనరు.

దారి బోర్డు మీద మీ ఊరి పేరు లేకపోతే కంగారుపడకండి. "తూత్ దిరెక్సియాన్" అంటే అన్నివైపులకూ, "ఓత్ర్ దిరెక్సియాన్" అంటే మిగతావైపులకు. ఆ బాణం పట్టుకుని పోతే ముందు మీ ఊరి పేరు వస్తుంది. ఫోన్ సిగ్నల్ లోయల్లో పోతుంది, మ్యాపు ముందే దించుకోండి. ఊరి లోపల మాత్రం ఫోన్ మాట నమ్మొద్దు. అది చూపించే దగ్గరి దారి అయిదారు వందల ఏళ్ళ కింద గాడిదల కోసం వేసిన సందు కావచ్చు. మేం ఒకసారి అలా ఇరుక్కుని, రెండు అద్దాలూ మడిచి, నేను దిగి వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపితే, వంద మీటర్లు వెనక్కి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఊరి కింద పార్కింగ్ ఉంటుంది, అక్కడ ఆపి నడవండి. కారులో సంచీ, కెమెరా, జాకెట్ ఏదీ బయటికి కనబడేలా వదలొద్దు.

బంకులో "గజోల్" అని ఉంటే అది డీజిల్, పేరు చూసి పెట్రోలు అనుకోకండి. గొట్టం మీద గుండ్రని గుర్తులో ఇ5, ఇ10 ఉంటే పెట్రోలు, చదరపు గుర్తులో బి7 ఉంటే డీజిల్. ఇ85 కూడా గుండ్రమే, దాని జోలికి పోవద్దు. ఆదివారాల్లో చాలా బంకుల్లో మనిషి ఉండడు, పిన్ నంబరున్న కార్డు కావాలి. టోల్ గేటు దగ్గర నారింజ రంగు "టి" గుర్తు ఒక్కటే ఉన్న వరస ట్యాగ్ ఉన్నవాళ్ళది, ఆకుపచ్చ బాణం ఉన్న వరసలోకి వెళ్ళండి. నిజానికి అవిన్యాన్ వైపు నుంచి ఆప్త్‌కు డి 900 రోడ్డు మీదే వెళితే టోల్ అసలు కట్టక్కర్లేదు, దారీ బాగుంటుంది. కారులో పసుపు జాకెట్, త్రికోణం గుర్తు ఉన్నాయో లేదో చూసుకోండి, రెండూ చట్టప్రకారం ఉండాలి.

సంతల్ని పట్టుకుని వారం అల్లుకోండి

మన పల్లెల్లో వారం సంత ఎలాగో అక్కడా అలాగే. ఒక్కో ఊరికి ఒక్కో వారం. ఏ ఊరు ఏ రోజు చూడాలి అనే ప్రశ్నకు సంతే జవాబు. శనివారం ఆప్త్. ఆదివారం లిల్ సుర్ ల సోర్గ్, ఊరంతా కాలవలు, పాచిపట్టిన నీటి చక్రాలు, పాత సామాన్ల కొట్లు. సోమవారం చాలా కొట్లు, హోటళ్ళు మూసుంటాయి, ఆ రోజు ఇంటి దగ్గర ఉండండి, లేదా కాస్త దూరమైనా ఫోర్కాల్కియే సంతకు వెళ్ళండి. మంగళవారం గోర్ద్ లేదా కుకురాన్. బుధవారం సో. గురువారం రూసియాన్. శుక్రవారం లూర్మరాన్, బోనియూ రెండింట్లోనూ సంతే, లూర్మరాన్‌ది పెద్దది.

సంత పొద్దున ఎనిమిదికి తయారు, పన్నెండున్నరకు సర్దేస్తారు. ఎనిమిదిన్నరకు ఊళ్ళో ఉండండి. పదిన్నర తర్వాత పార్కింగ్ దొరకదు. ఏ కొట్టు దగ్గరైనా, బ్రెడ్డు కొట్టులోకి అడుగుపెట్టినా, ముందు "బోన్‌జూర్" అనాలి. అది లేకుండా "ఇదెంత" అని అడిగితే వాళ్ళకు మన మీద చిన్నచూపు కలుగుతుంది. మనింటికి వచ్చినవాళ్ళు పలకరించకుండా వంటింట్లోకి వెళితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ ఒక్క మాట అన్నాక, మన ఫ్రెంచి ఎంత విరిగినా ఓపిగ్గా వింటారు.

కవయాన్ ఖర్బూజా ఒకటైనా కొనండి. మీరు ఏరుకోవద్దు, అమ్మేవాళ్ళకే వదిలేయండి. ఆప్త్‌లో మాకు అమ్మిన పెద్దాయన రెండు కాయలు రెండు అరచేతుల్లో పెట్టుకుని బరువు చూశాడు. తేలికదాన్ని పక్కన పెట్టాడు. మిగిలినదాని అడుగు వాసన చూశాడు. తర్వాత తొడిమ చుట్టూ బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూపించాడు, అక్కడ సన్నటి పగులు, దాని అంచున ఎర్రటి తేనెచుక్కలాంటి జిగురు. అప్పుడడిగాడు, ఎప్పటికి కావాలి అని. ఇవాళ మధ్యాహ్నానికి ఒకటి, రేపు రాత్రికి ఒకటి అంటే, రెండు వేర్వేరు కాయలు తీసి రెండు సంచుల్లో వేసి, ఏది ఏ పూటకో రెండుసార్లు చెప్పాడు. మేం రేపటిది ఇవాళే కోసి చూశాం. బాగానే ఉంది. మర్నాడు కోసుంటే ఇంకెలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాం.

మధ్యాహ్నం, సాయంత్రం

పన్నెండున్నరకల్లా భోజనానికి కూర్చోండి. హోటళ్ళలో మధ్యాహ్నం వంట పన్నెండు నుంచి రెండు దాకే, రాత్రి ఏడున్నర తర్వాతే. రెండు దాటితే తిండి లేదు. భోజనమయ్యాక ఇంటికెళ్ళి తలుపులేసుకుని పడుకోండి. కీచురాళ్ళలాంటి సికాడాలు పైన్ చెట్ల మీద ఒకటే రొద పెడుతుంటాయి, ఎండ ఎక్కువైతే రొదా ఎక్కువే. అయిదింటికి లేచి, ఆరింటికి రెండో ఊరికి బయల్దేరండి. జూన్ ఆఖర్లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గుంకదు. అంటే సాయంత్రం మూడు గంటల పైన వెలుగు మీ చేతిలో ఉంటుంది, బస్సుల్లో వచ్చినవాళ్ళంతా అప్పటికి వెళ్ళిపోయుంటారు.

సాయంత్రానికి ఏవి దాచుకోవాలంటే: బోనియూలో పైకెక్కితే లోయంతా, అవతల గుట్ట మీద లాకోస్త్ కోట కనబడతాయి. రూసియాన్‌లో ఎర్రమట్టి గుట్టల మధ్య నడకదారి ఉంది, దాన్ని మాత్రం పొద్దున్నే నడవండి, ఎండలో వద్దు, తెల్ల బట్టలతో అసలే వద్దు. ఇనుము కలిసిన ఆ మట్టితోనే ఊళ్ళో గోడలకు రంగులు వేశారు, పసుపు నుంచి జేగురు ఎరుపు దాకా ఎన్ని ఛాయలో. సాయంత్రం వెలుతురులో ఆ గోడల పక్కన కూర్చోవడానికి మళ్ళీ వెళ్ళండి. ఒకే ఊరికి రెండుసార్లు వెళ్ళడం వృథా అనుకోవద్దు. కుకురాన్‌లో ప్లేన్ చెట్ల నీడలో పెద్ద కోనేరులాంటి చెరువు ఉంది, చుట్టూ కాఫీ బల్లలు. మా ఇద్దరికీ ఈ యాత్ర మొత్తంలో ఎక్కువ ఇష్టమైన చోటు అదే. లూర్మరాన్ శ్మశానంలో రచయిత ఆల్బేర్ కామూ సమాధి ఉంది, చిన్న రాయి, పేరు, ఏళ్ళు, చుట్టూ మొక్కలు, అంతే. బోనియూ దగ్గర పోన్ జూలియన్ అనే రోమన్ల వంతెన మీద 2005 దాకా కార్లు నడిచాయి, ఇప్పుడు నడకకే. ఈ చిన్న వంతెన నచ్చితే, వచ్చేటప్పుడో పోయేటప్పుడో అవిన్యాన్‌కు పడమట ఉన్న పోన్ దు గార్ కూడా చూడండి. మొదటి శతాబ్దంలో నీళ్ళు తరలించడానికి కట్టిన మూడంతస్తుల కట్టడం, 49 మీటర్ల ఎత్తు.

అడవుల్లో, కొండల్లో నడవాలనుకుంటే ముందురోజు సాయంత్రం ప్రిఫెక్చర్ (మన కలెక్టరాఫీసు లాంటిది) వాళ్ళ మ్యాపు చూడండి. వేసవిలో కార్చిచ్చు ప్రమాదం, గాలి ఎక్కువున్న రోజున దారులు మూసేస్తారు.

తిండి

మాంసం తినేవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. శాకాహారులకు మాత్రం కొన్ని జాగ్రత్తలు. ఆలివ్ ముద్ద తాపెనాద్‌లో, ఉల్లిపాయల రొట్టె పిసలాదియేర్‌లో ఉప్పుచేప ఉంటుంది. మేకపాల జున్ను సలాడ్ అని తెప్పించుకుంటే దాని మీద పందిమాంసం ముక్కలు చల్లొచ్చు. "సాన్ వియాంద్, సాన్ ప్వాసాన్, సాన్ లార్దాన్" అని మూడూ విడివిడిగా చెప్పండి, మాంసం లేకుండా, చేప లేకుండా, ఆ ముక్కలు లేకుండా అని. చాలా జున్నులు దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొట్టి చేసినవి, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తినండి. తులసి జాతి ఆకు నూరి కలిపే కూరగాయల సూప్ పిస్తూ, శనగపిండితో చేసే పనిస్, కూరగాయల కూర రతతూయి, ఇవి మనవాళ్ళకు బాగా నచ్చుతాయి. హోటల్లో "కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్ళ సీసా ఉచితంగా పెడతారు, బ్రెడ్డు కూడా. ఊళ్ళో కొళాయిల దగ్గర "నాన్ పొతాబ్ల్" (తాగే నీళ్ళు కావు) అని లేకపోతేనే సీసా నింపుకోండి.

రోజుకొక పూట ఇంట్లో వండుకోండి. కందిపొడి, చింతకాయ పచ్చడి, పోపుగింజలు వెంట తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, కరివేపాకు లాంటి పచ్చి ఆకులు యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు, పెట్టెలో పెట్టొద్దు. బియ్యం మోసుకెళ్ళక్కర్లేదు. రోన్ నది సముద్రంలో కలిసేచోట, కమార్గ్‌లో, వరి పండిస్తారు. మన డెల్టాలాగే పల్లపు నేల, మడుగులు, కొంగలు. ఆ బియ్యం సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది. "యావుర్త్ నాతుర్" అని రాసినది తియ్యదనం లేని పెరుగు. కమార్గ్ అన్నంలో ఆ పెరుగు కలుపుకుని, సంతలో కొన్న టమాటా ముక్క నంజుకుని, వసారాలో చీకటిపడేదాకా కూర్చున్న రాత్రులు మాకు ఏ హోటల్ భోజనానికీ తక్కువ కాలేదు.

లావెండర్ పొలాలు

రెండో శనివారం ఆప్త్ సంత చూసుకుని, అటునుంచటే మనోస్క్ మీదుగా వాలాన్సోల్ వెళ్ళండి, అరవై కిలోమీటర్లు, గంటంపావు. మనోస్క్ నుంచి వాలాన్సోల్ ఎక్కే డి 6 రోడ్డుకు రెండువైపులా పొలాలే. మధ్యాహ్నం పూట అక్కడ ఆగొద్దు, రోడ్డు పక్కన కార్ల వరస, పొలంలో జనం. పొద్దున ఆరున్నరకు గానీ, సాయంత్రం ఏడున్నర దాటాక గానీ వెళ్ళండి.

అది రైతు పొలం, తోట కాదు. వరసల మధ్య అంచున నిలబడితే చాలు, మొక్కల మీదికి ఒరగకండి, కోయకండి. మన మిరప చేలో ఎవరో వచ్చి ఫోటో కోసం కాయలు తెంపితే ఎలా ఉంటుంది? తేనెటీగలు వేలల్లో ఉంటాయి, నిమ్మళంగా కదిలితే ఏమీ అనవు. కళ్ళు మూసుకుని ఒక నిమిషం నిలబడండి, పొలమంతా ఒకే శృతిలో మోగుతుంటుంది.

దగ్గరగా చూస్తే ఒక తేడా తెలుస్తుంది. వాలాన్సోల్‌లో ఎక్కువగా ఉండేది లావాందాన్ అనే సంకరజాతి. పొడుగు కాడ, దానికి పక్కన ఇంకో రెండు చిన్న కంకులు, వాసనలో కర్పూరం ఘాటు. నూనె ఎక్కువ ఇస్తుంది, సబ్బులకు వాడేది ఇదే. అసలు లావెండర్ పొట్టిది, కాడకు ఒకే కంకి, మెత్తని వాసన, ఎత్తైన చోట్ల పెరుగుతుంది, సో చుట్టుపక్కల దొరుకుతుంది. ఎండబెట్టిన పూల సంచులు కొనేటప్పుడు ఏది ఏదో అడిగి కొనండి. చీరల బీరువాలో పెట్టుకోవడానికి నాకు రెండోదే నచ్చింది.

మర్నాడు ముస్తియేకు వెళ్ళండి. రెండు కొండల మధ్య గొలుసుకు వేలాడే నక్షత్రం కింద ఊరు. దాని దిగువన సెంత్ క్రోవా జలాశయం, చల్లటి పచ్చనీళ్ళు, అద్దె పడవలు. పొద్దున తొమ్మిదిలోపు చేరితే వెర్దాన్ లోయ ముఖం దాకా తొక్కుడు పడవలో ఇద్దరే వెళ్ళొచ్చు.

ఆపదలో, ఆఖర్న

ఏ ఆపదకైనా 112. చిన్న గుద్దుడైతే కారు డాష్‌బోర్డు అరలో ఉండే ప్రమాద పత్రాన్ని అవతలివాళ్ళతో కలిసి నింపి, ఇద్దరూ సంతకం చేయాలి. అర్థంకానిదాని మీద సంతకం పెట్టకండి, అద్దె కంపెనీకి ఫోన్ చేసి అడగండి.

కారు తిరిగిచ్చే ముందు దగ్గర్లోని బంకులో నిండా కొట్టించి రసీదు దాచుకోండి. ఇచ్చేచోట మనిషి ఉన్న వేళకే వెళ్ళి, ఎదురుగా చూపించి, మళ్ళీ అవే ఫోటోలు తీయండి. మేం ఇంటికొచ్చిన పన్నెండు రోజులకు కంపెనీ నుంచి మెయిల్, కుడి వెనక చక్రం రిమ్ము గీసుకుపోయిందని, 190 యూరోలు కోసుకున్నామని. తీసుకున్న రోజు తీసిన ఫోటోలో అదే గీత, తేదీ, సమయంతో సహా ఉంది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పంపాం, మూడు వారాలకు డబ్బు వెనక్కి వేశారు. కాబట్టి డిపాజిట్ విడుదలై, కార్డు బిల్లు ఇంకో నెల గడిచేదాకా ఆ ఫోటోలు ఫోన్‌లోంచి తీసేయకండి.